ఎలుగుబంటి పన్ను, మూడు తేనెపట్లు

గుగ్గిలంకోన అనే అడవిలో దుప్పులు, ముళ్లపందులు, కుందేళ్లు, ఎలుగుబంట్లు ఉండేవి. వాటన్నిటి పళ్లకూ ఒక్కడే వైద్యుడు. వాడు గండయ్య అనే కొండముచ్చు. పన్ను పగిలిందంటే చింతపులుసుతో తోమి, గోరువెచ్చని లక్క అద్ది, రెప్పపాటులో "అయిపోయింది, పో" అనేవాడు. అంత తొందరగా పని చేసేవాడు ఏడు అడవుల్లో లేడని తన డప్పు తానే కొట్టుకునేవాడు.

వాడి దగ్గర ఒక పద్ధతి ఉంది. వచ్చినవాళ్లు తేనెపట్టు తేవాలి. దాన్ని రోగి ముక్కుకు ఎదురుగా కొమ్మకు వేలాడదీశాకే పని మొదలుపెట్టేవాడు. కానుక కళ్లెదుట ఉంటే తప్ప వాడికి చెయ్యి ఆడదు మరి!

ఆ ఏడు నీలవ్వ అనే తల్లి ఎలుగుబంటికి దవడపన్ను పగిలింది. ఏది నమిలినా ప్రాణం పోయేంత నొప్పి. తిండి లేక పాలు తగ్గిపోయాయి. రెండు కూనలూ డొక్కలు ఎండి రోజంతా ఏడ్చేవి.

నీలవ్వ ఒళ్లంతా తేనెటీగల చేత కుట్టించుకుని ఒక పట్టు తెచ్చింది. గండయ్య లక్క పెట్టాడు. మూడో రోజుకు అది ఊడి నాలుక మీద పడింది.

"రాళ్లు కొరికావా?" అని గద్దించాడు గండయ్య.

"లేదయ్యా, మెత్తటి ఇప్పపూలే తిన్నాను."

"అబద్ధం! నా చేతి పని ఊడదు. ఇంకో పట్టు తే."

తెచ్చింది. మళ్లీ ఊడింది. మూడో పట్టూ తెచ్చింది. ఆ లక్కా ఊడింది. ఈసారి వాడు వరుసలో ఉన్న జంతువులన్నిటి ముందూ, "తిండిపోతు! నోరు కట్టుకోవడం చేతకానిదానికి వైద్యం ఎందుకు?" అన్నాడు. ముందురోజు నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టని తల్లిని పట్టుకుని తిండిపోతు అన్నాడు! నీలవ్వకు ఒళ్లు మండిపోయింది. కూనలు గుర్తొచ్చి ఓర్చుకుంది.

పై కొమ్మ మీద మాను తొలుస్తున్న ముసలి వడ్రంగిపిట్ట ఇదంతా చూసింది. కిందికి వాలి, "ఏదీ, నోరు తెరువమ్మా" అంది.

నీలవ్వ తెరిచింది. ఎదురుగా కొమ్మకు ఇంకా వేలాడుతున్న మూడో పట్టు నుంచి తేనె వాసన గుప్పుమంది. ఆకలి మీదున్న నోట్లో నీరు ఊరి, పగిలిన పన్ను మీదుగా కారింది.

"గండయ్యా, నువ్వు లక్క పెట్టింది పన్ను మీద కాదు, ఉమ్ము మీద" అంది వడ్రంగిపిట్ట. "పులుసుతో తోమిన పన్ను మీద ఉమ్ము చేరితే పల్చటి పొర కడుతుంది. ఇక లక్క పన్నును ఎలా పట్టుకుంటుంది?"

గండయ్య ఎగిరి గంతేశాడు. "విన్నారా! తప్పంతా దీని చొంగదే!"

అప్పుడు నీలవ్వ లేచి నిలబడింది.

"ఔను, నా నోట్లో చొంగ ఉంది. నోరున్న ప్రతి ప్రాణికీ ఉంటుంది. ఆకలితో ఉన్నదాని ముక్కు ముందు తేనె వేలాడదీసింది ఎవరు? తడి తుడవకుండా లక్క పూసింది ఎవరు? నా బిడ్డల పాలు ఎండబెట్టి, పైగా నన్నే తిడతావా?"

 గండయ్య నాలుగడుగులు వెనక్కి వేశాడు.

వడ్రంగిపిట్ట ముందుగా తేనెపట్టును దూరంగా పెట్టించింది. పన్నును నీళ్లతో కడిగి, పులుసుతో మళ్లీ తోమి, ఇంకోసారి కడిగింది. బుగ్గకూ పన్నుకూ మధ్య బూరుగు దూది కుక్కింది. రెక్కలతో విసిరి విసిరి, పన్ను సుద్దలా తెల్లబడ్డాకే లక్క అద్దింది. చాలాసేపు పట్టింది. కానీ ఆ లక్క వానాకాలం వచ్చి పోయినా ఊడలేదు. నీలవ్వకు పాలు పడ్డాయి. కూనలు బొద్దుగా తయారై తల్లి వీపెక్కి ఊరేగాయి.

జంతువులన్నీ వడ్రంగిపిట్ట మాను కిందికే వెళ్లసాగాయి. గండయ్య గడప తొక్కేవారే లేరు. పనిలేక కూర్చుని, పోగేసుకున్న తేనెపట్లన్నీ వాడే తిన్నాడు. ఆ తీపికి వాడి పన్నే పుచ్చింది. ఒకరోజు బుగ్గ పట్టుకుని వచ్చి వరుసలో చివర నిలబడ్డాడు.

వడ్రంగిపిట్ట వాడి నోరు తెరిపించింది. భయానికో నొప్పికో నోరంతా నీరు ఊరింది. ఆమె వాడి రెండు బుగ్గల్లోనూ బూరుగు దూది కుక్కింది.

పక్కనే ఉన్న నీలవ్వ అడిగింది. "ఈ నీరు ఎవరి తప్పు, గండయ్యా?"

వాడి నోటి నిండా దూది ఉంది. సిగ్గుతో తల దించుకున్నాడు.

నీతి: చేసిన పని చెడితే ముందు తన చేతిని చూసుకోవాలి, నమ్మి నోరు తెరిచినవారి మీద నింద మోపకూడదు.