ఏదీ కోరని చెయ్యి

అనగనగా ఒక రాజు. ఆ రాజుకి కువలయ అని ఒక కూతురు. ఆ కువలయ గుండె మొదటిసారి కలుక్కుమన్నది ఎప్పుడో ముందు అది చెప్తాను. మిగతా కథ తర్వాత.

ఏడు సముద్రాల అవతల, ఇసుక ఒడ్డున ఒక సత్రం. పంక్తి భోజనం అప్పుడే అయింది. కువలయ నడుం వంచి ఎంగిలి విస్తళ్ళు ఎత్తుతోంది. ఒక ముసలాయన తిని లేచిన విస్తరిని మడిచి చేతిలోకి తీసుకుంది. తీసుకుంటూ తల ఎత్తి, ఎదురుగా కోట బురుజు మీద కూర్చున్న చిలుక వైపు చూసింది.

'నేను ఎత్తడం ఇది చూసిందా, లేదా?' అనుకుంది.

అంతే. అప్పుడే కలుక్కుమంది.

'అయ్యో, నేను ఈ విస్తరి ఎత్తుతున్నది ఈ తాత కోసమా, ఆ చిలుక కోసమా?' అనుకుంది. విస్తరిలో మిగిలిన పులుసు మోచేతి దాకా కారుతున్నా అలాగే నిలబడిపోయింది.

రాజు కూతురేమిటి, ఎంగిలాకులు ఎత్తడమేమిటి, మధ్యలో ఈ చిలుకేమిటి అంటారా? అక్కడికే వస్తున్నాను.

కువలయ వాళ్ళ నాన్న చందనగిరికి రాజు. ఆయనకి ముగ్గురు పిల్లలు. పెద్దవాడు జయంతుడు, రెండోవాడు వసంతుడు, ఆఖరిది కువలయ. జయంతుడికి కత్తంటే ప్రాణం. వసంతుడికి గుర్రమంటే ప్రాణం. కువలయకి ఇద్దరన్నలంటే ప్రాణం.

ఏడు సముద్రాల అవతల ధూమశిఖుడనే మాంత్రికుడు ఉండేవాడు. దారిన పోయే ఓడల్ని మంత్రం వేసి ఒడ్డుకి లాగి దోచుకునేవాడు. ఎదురు తిరిగినవాళ్ళని రాళ్ళుగా మార్చేవాడు. వాడి ప్రాణం వాడి ఒంట్లో ఉండదు, ఒక చిలుకలో ఉంటుంది.

"వాడి సంగతి నేను చూస్తాను" అని జయంతుడు వెళ్ళాడు. తిరిగి రాలేదు. "అన్నయ్యని నేను తెస్తాను" అని వసంతుడు వెళ్ళాడు. వాడూ తిరిగి రాలేదు. "ఇద్దర్నీ నేను తెస్తాను" అంది కువలయ. రాజు వద్దన్నాడు, రాణి ఏడ్చింది, కువలయ వెళ్ళింది.

సముద్రం ఒడ్డున గుమ్మడికాయల బండంత తాబేలు ఒకటి ఎండ కాగుతోంది.

"ఎక్కు తల్లీ, ఎక్కు" అంది. "మీ అన్నల్ని కూడా నేనే దింపాను. దారి పొడుగునా నా వీపు మీద కత్తులు నూరుకున్నారు. చూడు, గీతలు ఇంకా పోలేదు."

"మరి వాళ్ళని వెనక్కి ఎందుకు తేలేదు తాబేలు తాతా?"

"రాళ్ళు తల్లీ. రాళ్ళని మోస్తే నేనూ మునుగుతాను."

కువలయ ఏడ్చింది. తాబేలు ఆ ఏడుపు అయ్యేదాకా ఒక సముద్రం ఈదింది. రెండో సముద్రంలో అసలు సంగతి చెప్పింది.

"ఆ మాంత్రికుడు మహా తెలివైనవాడు. చిలుకకి పంజరం పెట్టలేదు, కాపలా పెట్టలేదు. ఒకే ఒక్క మంత్రం వేశాడు. దాని మీద కత్తి ఎత్తితే రాయైపోతారు. ఉత్త చెయ్యి చాపితే బొబ్బలెక్కుతుంది. ఏదీ కోరని చెయ్యి మీదే అది వాలుతుంది. వాలితే వాడి మంత్రాలన్నీ వీగిపోతాయి."

"అంతేనా?"

"అంతేనా అంటావేంటి! ఏమీ కోరనివాళ్ళు దాని కోసం రారు. దాని కోసం వచ్చినవాళ్ళకి ఏదో ఒకటి కావాలి. నీకు మీ అన్నలు కావాలి. అవునా?"

మూడో సముద్రం, నాలుగో సముద్రం గడిచాయి. ఐదో సముద్రంలో అడిగింది, "మరి కోరిక పోవాలంటే ఏం చెయ్యాలి తాతా?"

"మా తాత ఒకసారి ఒక మునిని వీపు మీద మోశాడట. పదిమందికి సేవ చెయ్యడమే అన్నిటికన్నా పెద్ద తపస్సు, చేస్తూ చేస్తూ ఉంటే 'నాది, నాకు' అనే పట్టు అరిగిపోతుంది అన్నాడట ఆ ముని. మా తాత అబద్ధమాడడు. నిద్రలో విన్నాడేమో మాత్రం చెప్పలేను."

అలా కువలయ ఆ ఒడ్డున దిగింది. ఒక పక్క కోట, కోట బురుజు మీద చిలుక. ఇంకో పక్క ఒడ్డు నిండా మనుషులంత రాళ్ళు. ఆ రాళ్ళ మధ్య తాటాకుల సత్రం. రాళ్ళైపోయిన తమవాళ్ళని వెతుక్కుంటూ వచ్చిన తల్లులు, పెళ్ళాలు, తండ్రులు అక్కడే ఉండిపోయారు. వాళ్ళందరికీ వండి పెట్టేది సింగవ్వ. వచ్చినవాళ్ళు తెచ్చిన గింజలే ఆ వంటకి ఆధారం.

"ఎవరే పిల్లా నువ్వు?" అంది సింగవ్వ.

"చందనగిరి రాజు కూతుర్ని అవ్వా. సేవ చెయ్యడానికొచ్చాను."

"అబ్బో! అయితే ఆ బిందె తీసుకో. మంచినీళ్ళ చెలమ ఆ దిబ్బ అవతల."

కువలయ నెలంతా నీళ్ళు మోసింది. భుజం కాయకట్టాక బురుజెక్కి చిలుక ముందు చెయ్యి చాపింది. అరచేయి భగ్గుమంది.

"మెట్లెక్కుతూ 'ఇన్ని బిందెలు మోశాను, ఇన్ని బిందెలు మోశాను' అనుకుంటూ వచ్చావు. నీ పెదాలు కదలడం నేను చూడలేదనుకున్నావా?" అంది చిలుక.

కువలయ దిగివచ్చి, బొబ్బలకి వెన్న రాసుకుని, వడ్డనకి దిగింది. 'ఇంకొంచెం, ఇంకొంచెం' అని కొసరి కొసరి పెట్టింది. నెల తిరిగాక మళ్ళీ బురుజెక్కింది. మళ్ళీ చెయ్యి కాలింది.

"వాళ్ళు 'చల్లగా ఉండు తల్లీ' అన్నప్పుడల్లా నీ మొహం ఎంత వెలిగిపోయిందో! సత్రంలో దీపం ఖర్చు తగ్గి ఉంటుంది" అంది చిలుక.

సరే, ఎవరూ మెచ్చుకోని పని చేద్దామనుకుంది కువలయ. విస్తళ్ళు ఎత్తే పనికి దిగింది. విస్తరి ఎత్తేవాళ్ళ మొహం ఎవరు చూస్తారు? తిన్నవాళ్ళు అప్పటికే చెయ్యి కడుక్కోవడానికి లేచిపోతారు. ఈసారి గట్టెక్కినట్టే అనుకుంది. ఇదిగో, అప్పుడే ఆ ముసలాయన విస్తరి ఎత్తుతూ చిలుక వైపు చూసింది.

ఈసారి బురుజెక్కలేదు. తిన్నగా సింగవ్వ దగ్గరికి వెళ్ళింది. సింగవ్వ చింతపండూ బూడిదా పెట్టి గుండిగ తోముతోంది.

"అవ్వా, నా సేవంతా ఎంగిలైపోయింది. ఏ పని చేసినా లోపల మా అన్నలే ఉన్నారు. రేపటి నుంచి నేను చెయ్యను. మనసు బాగుపడ్డాక చేస్తాను."

"ఓసి నీ మనసు బంగారం కానూ! అది బాగుపడేదాకా వీళ్ళందరూ పస్తుండాలా?"

"అది కాదవ్వా. నువ్వు ఏమీ కోరకుండానే ఇదంతా చేస్తున్నావా?"

సింగవ్వ తోమడం ఆపలేదు. "ఆ పడవ పక్కన వంగి ఉన్న రాయి నా కొడుకు. గంజి వార్చినప్పుడల్లా వాడే గుర్తొస్తాడు. వాడికి గంజి అంటే ఇష్టం. గుర్తొస్తే రానిస్తాను. చేతిలో పని మాత్రం ఆపను. పనిలో పడి ఎప్పుడో ఒకసారి వాణ్ణి మర్చిపోతాను. మర్చిపోయానే అని మళ్ళీ ఏడుస్తాను. నాకు తెలిసిందింతే. అటు పట్టు, ఈ గుండిగ బోర్లించాలి."

కువలయ పట్టింది. ఇద్దరూ గుండిగ బోర్లించారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి పెద్ద గాలివాన వచ్చింది. సత్రం కప్పు సగం లేచిపోయింది. సముద్రంలో ఓడలు విరిగి, తడిసి వణుకుతూ జనం మీద జనం ఒడ్డుకి కొట్టుకొచ్చారు. పొయ్యిలు తడిసిపోయాయి. కట్టెలు అంటుకోవు. పొగ తప్ప మంట రాదు. కువలయ బోర్లా పడుకుని పొయ్యి ఊదింది. ఒకామెకి జ్వరం, కట్టుకోవడానికి పొడిబట్ట లేదు. తన పమిట చింపి ఇచ్చింది. ఒకాయన తిన్నదంతా కువలయ మీదే కక్కాడు. కడుక్కుని మళ్ళీ పెట్టింది. పళ్ళు లేని తాతొకాయన నమల్లేకపోతుంటే, అన్నం అరచేతిలో వేసుకుని మెత్తగా పిసికి నోట్లో పెడుతోంది.

ఎవరో ఆ అరచేతిలో అన్నం పొడిచారు.

"ఉండు ఉండు, తాత తినాలి. నీకూ పెడతాను, వరసలో కూర్చో" అంది కువలయ, అటు చూడకుండానే.

"సరే" అంది చిలుక. వెళ్ళి పంక్తి చివర కూర్చుంది.

తాత తిన్నాడు. ఆయన పక్కామె తిన్నది. పంక్తి చివరికి వచ్చి, వంగి, అన్నం పెట్టబోతూ చూసింది కువలయ. తడిసి ముద్దై, పిడికెడంత చిలుక. ఎగిరి ఆమె చేతి మీద కూర్చుంది. చెయ్యి కాలలేదు.

"నువ్వా!"

"నేనే. బురుజు మీద ఒకటే చలి, ఆకలి. నన్ను పట్టుకోవడానికి ఎంతమందో వచ్చారు గానీ తిన్నావా అని ఎవరూ అడగలేదు. నువ్వూ అడగలేదనుకో. కానీ వరసలో కూర్చోమన్నావు" అంది చిలుక, అన్నం మెతుకులు ఏరుకుంటూ.

చిలుక కువలయ భుజమెక్కి కూర్చుంది. ఏదీ కోరని చేతి మీద అది వాలడంతో మంత్రం వీగింది. కోట ఉప్పుదిబ్బలా కరిగిపోయింది. అందులోని మాంత్రికుడు ఎటు పోయాడో ఎవరూ చూడలేదు. ఒడ్డున రాళ్ళు ఒక్కొక్కటే ఒళ్ళు విరుచుకుని లేచాయి. సింగవ్వ కొడుకు లేచి "అమ్మా, గంజుందా?" అన్నాడు. సింగవ్వ వాడి వీపు మీద ఒక్కటిచ్చి, వాణ్ణి పట్టుకుని ఏడ్చింది. జయంతుడు లేచాడు, వసంతుడు లేచాడు. చెల్లెల్ని చూసి ఇద్దరూ తెల్లబోయారు. మాసిన చీర, బొబ్బల చేతులు, నెత్తి నిండా బూడిద.

"చిలుకని ఇటివ్వమ్మా, మెడ విరిచేస్తాను. పీడ వదిలిపోతుంది" అన్నాడు జయంతుడు.

"నా చేతిలో తిన్నదన్నయ్యా. ఇవ్వను" అంది కువలయ.

పెళ్ళి బాజాలు మోగి, వాళ్ళు చల్లగా ఏలుకోవాల్సింది ఇక్కడే. తిరుగు ప్రయాణానికి ఓడ సిద్ధమైంది కూడా. చందనగిరిలో అప్పుడే మావిడాకులు కడుతున్నారట. వెళ్ళేముందు ఆఖరి పంక్తి తనే వడ్డిస్తానంది కువలయ. ఒక చివర నుంచి వడ్డించుకుంటూ వస్తోంది. వస్తూ వస్తూ ఒక విస్తరి ముందు ఆగిపోయింది.

ఎండిపోయిన కట్టెలా ఒక మనిషి కూర్చున్నాడు. తల ఎత్తగానే, రాళ్ళై లేచినవాళ్ళందరూ వాణ్ణి గుర్తుపట్టారు. ధూమశిఖుడు.

"ఆకలేస్తోందమ్మా" అన్నాడు వాడు.

జయంతుడు లేచి కత్తి దూశాడు. "వడ్డించావా, నువ్వు నాకు చెల్లెలివే కావు. ఆ రాయిలో ఊపిరాడక ఎంత కొట్టుకున్నానో నీకేం తెలుసు?"

చిలుక కువలయ చెవిలో మెల్లగా చెప్పింది. "ఒక్క ముద్ద తింటే వాడికి బలమొస్తుంది. ఆ బలంతో ఏం చేస్తాడో నాకూ తెలీదు. తినకపోతే పొద్దు వాలేసరికి పోతాడు. వాడితో పాటు నేనూ పోతాను."

కువలయ సింగవ్వ వైపు చూసింది. "అవ్వా, నువ్వు చెప్పు."

సింగవ్వ కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుని మొహం తిప్పుకుంది. "నన్నడక్కు తల్లీ. నా కొడుకుని ఇన్నేళ్ళు రాయిని చేసినవాడు వాడు. ఇవాళ నా నోట సరైన మాట రాదు."

పంక్తిలో ఒక మనిషిని దాటిపోవడమంటే ఏమిటో కువలయకి తెలుసు. లేచి వచ్చిన రాళ్ళలో ఎంతమందికి ఇంకా కాళ్ళు సరిగ్గా కదలడం లేదో కూడా తెలుసు. వాడి విస్తరి ఖాళీగా ఉంది. వాడి పక్కనున్న పిల్లతల్లి విస్తరీ ఖాళీగానే ఉంది, ఆమె ఎదురు చూస్తోంది.

గరిట ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. అవ్వ చెప్పదు, అన్న వద్దంటాడు, చిలుక గజగజలాడుతోంది. ఇంక ఎవరూ మిగల్లేదు, అందుకే ఆ పిల్ల మీ వైపు తిరిగి అడుగుతోంది.

"ఇంతసేపూ నాతోనే ఉన్నారు కదా, మీరు చెప్పండి. పెట్టనా, దాటిపోనా? నేనిప్పుడు ఏం చెయ్యను?"