పాప ఏడిస్తే వెలిగే బల్బు

నంద్యాల తపాలా ఆఫీసులో గుమస్తా హైమావతి. ఆ శనివారం మధ్యాహ్నం ఆమెకు అన్నం సహించలేదు.

ఆమె చెల్లెలు కుముదకూ, కుముద భర్తకూ పుట్టుకతోనే వినపడదు. వాళ్లకు పాప పుట్టి నాలుగు రోజులైంది. రేపు ఆస్పత్రి నుంచి ఇంటికి వస్తున్నారు. పాప ఏడిస్తే గోడమీద బల్బు వెలిగేలా ఒక చిన్న పెట్టె చేసిస్తానని హైమ చెల్లెలికి మాటిచ్చింది.

ఒకప్పుడు రేడియోలు బాగుచేసిన ఖాదర్ ఉస్తాద్ దగ్గర మూడేళ్లుగా ఆమె ఈ విద్య నేర్చుకుంటోంది. ఇన్నాళ్లూ చిల్లుల అట్టమీద వైర్లు అల్లడమే తెలుసు. ఈసారి మాత్రం సర్క్యూట్ బోర్డును తానే కంప్యూటర్లో గీసి, ఫ్యాక్టరీకి పంపి చేయించుకుంది. ఒక్కటి చాలన్నా అయిదుకు తక్కువ చేయరు. అయిదూ వచ్చాయి. ఆకుపచ్చగా, నున్నగా, అంగట్లో కొన్న వస్తువుల్లో ఉండేవాటిలాగే ఉన్నాయి. రెండు రోజులు వాటిని చూసుకుని మురిసిపోయింది.

ఒకదానికి చిప్పూ, మిగతా సామానూ అతికించి కరెంటు ఇచ్చి చప్పట్లు కొట్టింది. బల్బు వెలగలేదు. రెండు గంటలు వెతికితే తప్పు దొరికింది. చిప్ నాలుగో కాలికి పోవాల్సిన రాగి గీతను ఆమె అయిదో కాలికి గీసింది.

అయిదు బోర్డులూ సంచిలో వేసుకుని ఉస్తాద్ ఇంటికి వెళ్లింది. ఆయన ముందు బల్లమీద పరిచింది.

"మళ్లీ గీసి పంపితే పన్నెండు రోజులు పడుతుంది ఉస్తాద్. పాప రేపే వస్తోంది."

"తప్పెక్కడో తెలిసిందా?"

చూపించింది.

"అయితే ఆ గీత కోసెయ్. నాలుగో కాలికి వైరు కలుపు." ఆయన బ్లేడు ఆమె ముందుకు జరిపాడు.

హైమ బ్లేడు తీసుకుని, చిప్ అతికించిన బోర్డులో ఆ గీతమీద ఆనించింది. తీసేసింది. మళ్లీ ఆనించింది. మళ్లీ తీసేసింది.

"చేయి రావడం లేదు. పక్క గీత తెగిందంటే మొత్తం పోతుంది. ఇంత చక్కగా వచ్చినదాన్ని..."

ఉస్తాద్ ఖాళీగా ఉన్న నాలుగు బోర్డుల్లోంచి ఒకటి తీసుకున్నాడు. ఆమె చేతిలోని బ్లేడు అందుకుని, దానిమీద ఈ చివర నుంచి ఆ చివర దాకా బలంగా లాగాడు. రాగి గీతలన్నీ తెగిపోయాయి.

"అయ్యో!" అంది హైమ.

ఆయన ఆ బోర్డును పక్కన పెట్టి, బ్లేడు తిరిగి ఇచ్చాడు.

"పోవాల్సింది పోయింది. ఇంక నువ్వు కానీయ్."

ఆమె తెగిన బోర్డు వైపు చూసింది. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. వంటింట్లో ఉస్తాద్ భార్య గిన్నెలు సర్దుకుంటూనే ఉంది. ఏమీ కాలేదు. ఎందుకో చిన్నగా నవ్వొచ్చింది.

ఈసారి ఆనించిన బ్లేడును తీయకుండా లాగింది. ఒక్క గీతే తెగింది. ఎర్ర వైరు ముక్క అతికించి, కరెంటు ఇచ్చి, చప్పట్లు కొట్టింది. బల్బు వెలిగింది. హైమ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఉస్తాద్ లేచి టీ చెప్పడానికి లోపలికి వెళ్లాడు.

మర్నాడు మధ్యాహ్నం కుముద పక్క గదిలో అన్నం తింటోంది. మంచంమీద పాప కదిలి ఏడుపందుకుంది. తినే గదిలో ఎదురుగా గోడమీద బల్బు వెలిగింది. కుముద కంచం వదిలేసి పరుగెత్తింది.

సాయంత్రం హైమ ఉస్తాద్ దగ్గరికొచ్చి అంతా చెప్పింది. చివర కాస్త నసిగింది.

"బోర్డు పైన ఆ ఎర్ర వైరు అసహ్యంగా కనబడుతోంది ఉస్తాద్. తప్పు దిద్ది కొత్తవి చేయించనా?"

"పాప ఏడుపు మానిందా?"

"వాళ్లమ్మ ఎత్తుకోగానే మానింది."

ఉస్తాద్ టీ గ్లాసు ఆమె చేతికిచ్చాడు.

"మరి ఇంకెవరు ఏడుస్తున్నారమ్మా?"