ఒంటిచేతి లెక్క

పుట్టినరోజు పూట చిలకలగడ్డ రాజు రాయప్పగారి విస్తట్లో అన్నం పలుకు, పప్పు ఉప్పన. ఎలా బాగుంటుంది? వంటశాల ముప్పైఒక్కమందీ చెరసాలలో ఉన్నారాయె! ఆస్థాన గణితపండితుడు సూరంభట్టుగారి తలపాగా జారి పాయసం గంగాళంలో పడితే నవ్వారట. ఎంత నేరం!

వేసిన శిక్ష రద్దుచేస్తే పరువు పోతుంది. చేయకపోతే కడుపు మాడుతుంది. అందుకని రాజు ఖైదీలను సభలో వరసగా నిలబెట్టి ఒక మెలిక పెట్టాడు.

"ఒంటిచేతి వేళ్లమీద ఎంతమందిని లెక్కపెడితే అంతమందిని వదిలేస్తాం. రెండో చెయ్యి కదలకూడదు."

భట్టుగారు పిలక సవరించుకున్నారు. "వేళ్లు ఐదు. కణుపులు పట్టుకున్నా పన్నెండు. అంతకుమించి బ్రహ్మతరం కూడా కాదు ప్రభూ!"

రాజుకు తాంబూలం అందించే వీరలచ్చి ఖైదీలకేసి చూసింది. ఆమె మొగుడు కోటయ్య వరసలో చివరివాడు. అందరికన్నా గట్టిగా నవ్వాడని భట్టుగారే అక్కడ నిలబెట్టించారు.

ఇరవై ఏళ్లుగా ఒక చేత పళ్లెం పట్టుకుని, రెండో చేత్తోనే అతిథులను లెక్కపెట్టిన మనిషి లచ్చి. ముందుకొచ్చి పిడికిలి బిగించింది.

బొటనవేలు చాచింది. "ఒకటి." అది ముడిచి చూపుడువేలు చాచింది. "రెండు." రెండూ చాచి, "మూడు." రెండూ ముడిచి నడిమివేలొక్కటే చాచి, "నాలుగు."

"ఒక్క వేలు చూపించి నాలుగంటుందేమిటి!" భట్టుగారు ఎగిరిపడ్డారు.

"ప్రతి వేలూ వెనకదానికి రెట్టింపు అయ్యవారూ. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, చిటికెనవేలు పదహారు. చాచినవి కూడుకోవడమే."

"వేలన్నాక వేలే! ఉన్న చోటును బట్టి విలువ మారుతుందా?"

"మారదా? అయితే తమరు ఆ పీట దిగి నా పక్కన నిలబడండి!"

రాజు మీసాల చాటున నవ్వుకుని, "కానీయవే లచ్చీ" అన్నాడు.

వేళ్లు ముడుచుకుంటూ విచ్చుకుంటూ పోయాయి. పన్నెండు దాటింది. ఇరవై దాటింది. ముప్పై దగ్గర బొటనవేలు తప్ప నాలుగూ చాచి ఉన్నాయి. మొగుణ్ణి చూసేసరికి లచ్చి కళ్లు చెమర్చాయి. బొటనవేలు లేచింది.

"ముప్పైఒకటి! రావయ్యా ఇంటికి!"

"ఇంకెంతమంది మిగిలారు పండితా?" అన్నాడు రాజు.

లచ్చి మళ్లీ పిడికిలి బిగించి భట్టుగారి ముక్కు ముందు పెట్టింది.

"ఇంతమంది, అయ్యవారూ!"

రాజు పగలబడి నవ్వి, తన ఉంగరం తీసి ఆమె చిటికెనవేలికే తొడిగించాడు. సభంతా గొల్లుమంది. ఎవరెవరు నవ్వారో లెక్క తేలుద్దామని భట్టుగారు చెయ్యెత్తారు. పాపం, ఐదు దగ్గర వేళ్లయిపోయాయి.