ఏటిగట్టు ఏ శాఖది?

మొగలికోన అడవికి ఏనుగమ్మ రాణి. అడవి బాగోగులు చూడమని ఎలుగుబంటి గుబురయ్యను మంత్రిని చేసింది. గుబురయ్య ఊరుకుంటాడా? మూడు శాఖలు పెట్టాడు. చెట్లకు వడ్రంగిపిట్ట, మట్టికి అడవిపంది, నీళ్లకు నీటికుక్క పెద్దలయ్యారు. "ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకూడదు" అని చాటింపు వేయించాడు. ఆ ఏర్పాటు చూసుకుని తెగ మురిసిపోయాడు.

ఏటిగట్టు ఇసుకలో తాబేలు నిదానమ్మ పన్నెండు గుడ్లు పెట్టింది. కాస్త ఎడంగా పెద్ద మద్దిచెట్టు ఉంది. ఏటి నీళ్లు గట్టును కోసేస్తున్నాయి. చెట్టు వేళ్లు బయటపడ్డాయి. గట్టు కూలితే గుడ్లు ఏటిపాలే.

నిదానమ్మ వడ్రంగిపిట్ట దగ్గరికి వెళ్లింది. "చెట్టుకేం, నిక్షేపంలా ఉంది. జారుతున్నది మట్టి. పందిని అడుగు" అంది పిట్ట.

"మట్టిని కోస్తున్నది నీళ్లమ్మా. నీటికుక్క దగ్గరికి వెళ్లు" అంది పంది.

"నీళ్లు తిన్నగానే పోతున్నాయి. చెట్టు వేళ్లే అడ్డొస్తున్నాయి. పిట్టను అడుగు" అంది నీటికుక్క.

తాబేలు నడక సంగతి మీకు తెలుసుగా. ఒక్కో గుమ్మానికి ఒక్కో రోజు పట్టింది. ఈలోగా గట్టు మరో మూడు అడుగులు కరిగింది. చివరికి మంత్రి దగ్గరికే వెళ్లింది.

"ముందు అది ఏ శాఖ పనో తేల్చుకుని రా" అన్నాడు గుబురయ్య, కళ్లైనా తెరవకుండా.

ఏడుస్తూ వస్తున్న నిదానమ్మ ఉడుతకు ఎదురైంది. ఉడుతకు ప్రతిదీ అడిగి తెలుసుకోవాలని మహా తహతహ. సంగతంతా విని, "అత్తా, ఆ ముగ్గురిలో ఒక్కరైనా గట్టు చూశారా?" అని అడిగింది.

"లేదే" అంది నిదానమ్మ.

ఉడుత ముగ్గురి దగ్గరికీ పరుగెత్తింది. "మిమ్మల్ని ఏమీ చెయ్యమనను. వచ్చి చూడండి చాలు. తప్పెవరిదో అక్కడే తేలిపోతుంది" అంది. తప్పు మిగతా ఇద్దరిదేనని ఎవరి నమ్మకం వాళ్లది. వెంటనే బయల్దేరారు.

గట్టు అంచున తెల్లగా ఒక గుడ్డు బయటికి కనిపిస్తోంది. దాన్ని చూడగానే ముగ్గురూ వాదన మానేశారు. నీటికుక్క రాళ్లు పేర్చి నీళ్లను మళ్లించింది. పంది మట్టి ఎగదోసింది. పిట్ట మద్దిచెట్టును తట్టి చూసి, "ఇది ఇక ఆగదు. ఏటివైపుకే పడుతుంది. అందరూ ఇవతలికి రండి" అంది.

చెట్టు కూలింది. గుడ్లకు మాత్రం ఏమీ కాలేదు.

ఆ చప్పుడుకు గుబురయ్య పరుగున వచ్చాడు. ఏడాదంతా ఆయన కాపు కాసిన తేనెపట్టు ఆ చెట్టు మీదే ఉంది. ఇప్పుడది ఏట్లో కొట్టుకుపోతోంది.

"చెట్టు పడిపోయేలా ఉందని నాకెవరూ చెప్పలేదేం?" అని లబలబలాడాడు.

"గట్టు సంగతి చెప్పడానికే వచ్చాను బాబూ. ఏ శాఖో తేల్చుకుని రమ్మన్నారు" అంది నిదానమ్మ.

సంగతంతా ఏనుగమ్మ చెవిన పడింది. ఆమె శాఖలు తీసెయ్యలేదు. మంత్రిని మాత్రం మార్చి ఉడుతను కూర్చోబెట్టింది. ఏ మొర వచ్చినా ముగ్గురూ కలిసి ఆ చోటికి వెళ్లి చూడాలన్నది ఉడుత మొదటి ఉత్తర్వు. పన్నెండు పిల్ల తాబేళ్లు ఏట్లోకి దిగిన రోజున ఆ ముగ్గురూ గట్టు మీదే ఉన్నారు.

నీతి: పనిని శాఖలుగా పంచుకోవచ్చు, బాధ్యతను మాత్రం పక్కవాడి మీదికి నెట్టి వదిలించుకోకూడదు.