ఇంకు ప్యాడు

సౌదామినికి సీటైతే వచ్చింది గానీ, అది నిలుస్తుందన్న నమ్మకం వారం తిరక్కుండానే పోయింది.

అక్షరాస్యతా విద్యలో ఎం.ఏ. చేరినవాళ్లకి ఆ యూనివర్సిటీలో ఒక పద్ధతి ఉంది. మొదటి నెలంతా పెద్దవాళ్లకి సాయంత్రం బడి నడపాలి. నెలాఖరుకి పదిమంది మిగిలితేనే అడ్మిషన్ ఖాయం. సౌదామిని పలాసలో జీడిపప్పు ఒలిచే ఆడవాళ్లకి బడి పెట్టింది. మొదటిరోజు పద్నాలుగు మంది వచ్చారు. మర్నాడు తొమ్మిది. నాలుగోరోజు అసిరమ్మ ఒక్కతే వచ్చింది, అదీ ముందురోజు మర్చిపోయిన గొడుగు కోసం.

సౌదామిని రిజిస్టరు పట్టుకుని, అడ్మిషన్లు చూసే దాలినాయుడు మాస్టారి గదికి పరుగెత్తింది. డిగ్రీలో ఫస్టొచ్చిన పిల్ల, మొహం మాడ్చుకుని నిలబడింది.

"నా పాఠంలో లోపం లేదు సార్. చార్టులున్నాయి, పలకలున్నాయి, టీ కూడా ఇస్తున్నాను. వాళ్లకే శ్రద్ధ లేదు."

మాస్టారు రిజిస్టరు తిరగేశారు. ప్రతి పేరు పక్కనా నీలం వేలిముద్ర.

"ఇవేంటమ్మా?"

"హాజరు సార్. గుమ్మంలోనే వేయించేస్తున్నాను. సంతకాలు రావు కదా."

మాస్టారు ఊఁ కొట్టి, సొరుగులోంచి ఆమె అడ్మిషన్ ఫారం తీశారు. "ఇందులో నీ సంతకం మిగిలిపోయింది."

సౌదామిని పెన్ను తీసింది. మాస్టారు ఇంకు ప్యాడు మూత తీసి ఆమె ముందుకి జరిపారు.

"నాకు సంతకం వచ్చు సార్."

"తెలుసు. ఎడమ బొటనవేలు."

ఫైళ్లు తెచ్చిన గుమస్తా కిసుక్కున నవ్వాడు. సౌదామిని చెవులదాకా ఎర్రబడి, వేలు నొక్కి, వెళ్లొస్తానని కూడా చెప్పకుండా బయటపడింది.

కుళాయి కింద మూడుసార్లు కడిగినా రంగు పోలేదు. క్యాంటీన్లో ఎడమచెయ్యి చున్నీలో దాచుకునే టీ తాగింది. ఈయనకి నామీద ఏం కోపమని బస్సులో దారంతా ఉడికిపోయింది.

సాయంత్రం బడి దగ్గర ఎవరూ లేరు. వాళ్లుండే వీధికే వెళ్లింది. కుళాయి దగ్గర అసిరమ్మా, మరో నలుగురూ జీడి మరకలు పోయేలా చేతులకి బూడిద రుద్దుకుంటున్నారు. బడికి వచ్చిన రోజుల్లో, గుమ్మంలో తను ఇంకు అంటించేదాకా ఆ చేతులు ఎంత శుభ్రంగా ఉండేవో సౌదామినికి అప్పుడు గుర్తొచ్చింది.

అసిరమ్మ ఆమె వేలు చూసేసింది. "నీకూ పూసీసినారేటమ్మా?"

అందరూ నవ్వారు. సౌదామినికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. అసిరమ్మ కొంచెం జరిగి చోటిచ్చింది, గుప్పెడు బూడిద చేతిలో పెట్టింది. సౌదామిని వాళ్ల పక్కనే గొంతుక్కూర్చుని తోముకుంది.

నెలాఖరున కొత్త రిజిస్టరు మాస్టారి బల్ల మీదికొచ్చింది. నిండా పెన్సిలు వంకరగీతలు.

"ఇదేంటి, గుండుసున్నానా?"

"'అ' సార్. అసిరమ్మ."

"మరి ఇది?"

"అదీ అసిరమ్మే. పదోరోజు. 'స'కి గుడి పెట్టడం వచ్చిందని వీధంతా చెప్పుకుంది సార్."

మాస్టారు మిగిలిన పన్నెండు మంది పేర్లూ వేలుపెట్టి చదివారు. తర్వాత కొత్త ఫారం ఒకటి తీశారు.

"పాతది సార్?"

"ఎలకలు కొట్టేశాయి. సంతకం పెట్టు."

ఎప్పుడూ ఒక్క మెలికతో తేల్చేసే సౌదామిని ఆరోజు పూర్తి పేరు రాసింది. 'ద'కి దీర్ఘం, 'మ'కి గుడి, 'న'కి గుడి, ఒక్కొక్కటీ చూసి చూసి పెట్టింది.

మాస్టారు సిరా ఆరేదాకా ఆగారు.

"ఇప్పుడు చేరావమ్మా," అన్నారు.