సగం కన్ను

ఒకానొక రాజ్యంలో, మన దాపున కాదు లెండి, సముద్రం అవతల కంబుజదేశంలో, మహీభద్రవర్మ అని ఒక రాజు ఉండేవాడు. ఆయనకు తెలియనిది లేదు. ఆ సంగతి రోజూ ఆయనే చెప్పేవాడు. రోజూ కూర్చుని వినే పని ఆస్థాన విదూషకుడు విపులుడిది. పాపం, ముసలి ప్రాణం, విని విని విసిగిపోయి ఉన్నాడు.

కొత్త గుడికి హరిహరుడి విగ్రహం కావాలన్నాడు రాజు. కీరి అనే శిల్పి ఒకే రాతిలో ఒక సగం శివుణ్ణి, ఒక సగం విష్ణువుని నిలబెట్టాడు. ఇటు జడలు, అటు కిరీటం. మూడో కన్ను శివుడిదే కదా, అందుకని నుదుటిమీద ఆయన వైపు సగమే చెక్కి ఆపేశాడు. అక్కడి ఆనవాయితీ అదే.

రాజు చూసి మండిపడ్డాడు. సగం కన్నేమిటి, పని ఎగ్గొట్టావా అన్నాడు. విష్ణువు వైపు మూడో కన్ను పెడితే అపచారమని కీరి కాళ్ళమీద పడ్డా వినలేదు. రేపు ప్రతిష్ఠ లోపల కన్ను పూర్తికాకపోతే చేతులు నరికిస్తానన్నాడు.

సభలో అందరూ విపులుడి వైపు చూశారు. మళ్ళీ నేనేనా అనుకుంటూ ఆయన మోకాళ్ళు పట్టుకుని లేచాడు.

"ఏలినవారి మాటే మాట. పూర్తి చేయిద్దాం. కాకపోతే విగ్రహం కన్ను తెరిచేటప్పుడు చేయించినవారు ఎదురుగా నిలబడాలి."

"తొలిచూపు పడడానికి ఎదురుగా అద్దం పెడతారుగా?" అన్నాడు రాజు.

"అది మామూలు కళ్ళకు ప్రభూ. ఇది మూడో కన్ను. నిండుగా తెరిస్తే ఏమవుతుందో మన్మథుణ్ణి అడగాలి. అడుగుదామంటే ఆయన బూడిదై కూర్చున్నాడు."

రాజు ఒక అడుగు వెనక్కి వేశాడు. "అయితే నా బదులు నువ్వు నిలబడు."

"మహాప్రసాదం. ఇప్పుడే వెళ్ళి నిలబడతాను," అన్నాడు విపులుడు, నిజంగానే హాయిగా. "బూడిదకు ఎవరూ పని చెప్పరు కదా."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. "వద్దులే, నువ్వు పోతే నా మాటలు వినేదెవరు? కన్ను అలాగే ఉండనీ," అన్నాడు. కీరి రెండు చేతులూ జోడించి ఏడ్చేశాడు.

ఏం కావాలో కోరుకోమన్నాడు రాజు. రేపు ప్రతిష్ఠ కాగానే, ఎల్లుండి ఒక్కరోజు సెలవు చాలన్నాడు విపులుడు. సరేనన్నాడు రాజు.

ఆ సెలవు రోజు పొద్దున్నే భటుడు వచ్చి విపులుడి తలుపు తట్టాడు. సెలవు ఎలా గడుస్తోందో వచ్చి చెప్పిపొమ్మన్నారట ఏలినవారు.