పరుగులమెట్ట అంకమ్మను ఎత్తుకుపోయిన కథ

రెండు వాగుల నడుమ, ఎర్రమట్టి దిబ్బ మీద ఉన్న చిన్న ఊరు పరుగులమెట్ట. తూర్పున పాలవాగు, పడమర గుండ్లవాగు ఊరికి దిగువన కలిసి ఒకటవుతాయి. మంగళవారం సంత, ఒక బస్టాండు, ఒక రైసుమిల్లు, ఒకరి మాట ఒకరు వినని పెద్దమనుషులు ఈ ఊరి విశేషాలు. మెట్ట కొసన అంకమ్మ తల్లి గుడి ఉంది. నల్లరాతి విగ్రహం చూపుకు చిన్నదే. దాని బరువు మోసినవారికే తెలుసు.

మునుపు ఈ మెట్ట మీద గొర్రెలు తప్ప మనుషులు తిరిగేవారు కారు. ఊరు కింద, వాగులు కలిసే చోట ఉండేది, అంకమ్మ గుడీ అప్పుడు అక్కడే. నీళ్లు దగ్గరని పెద్దలు అక్కడ ఇళ్లు కట్టారు. నీళ్లకు తామూ దగ్గరేనన్న సంగతి వారికి తోచలేదు.

ఆ ఊరి గొల్లల కోడలు కాటమ్మ. చంటిబిడ్డను అత్త గంగులమ్మ దగ్గర వదిలి, ఒక శ్రావణ మధ్యాహ్నం మెట్ట మీద గొర్రెలు కాస్తూ కునుకు తీసింది. కలలో అంకమ్మ కనిపించి, "వాగులు పొంగి వస్తున్నాయి. నన్ను మెట్టకు చేర్చు. నా వెనుక ఊరంతా రావాలి" అని ఆనతిచ్చింది. మెలకువ వచ్చి చూస్తే ఎగువ కొండల మీద ఆకాశం కాటుకలా ఉంది.

కాటమ్మ పరుగున దిగి చావడిలో పెద్దలకు కల సంగతి చెప్పింది.

"అమ్మవారికి నీ కల తప్ప వేరే దారి లేకపోయిందా?" అన్నాడు పెద్దకాపు ఓబులరెడ్డి.

"మీ నిద్రలో గురకకే చోటు చాలదు కదా, రెడ్డయ్యా. లేవండి, పొద్దు లేదు."

కరణం నరసప్ప ముహూర్తం కావాలన్నాడు. అమ్మవారిని ముందుగా ఎవరు ఎత్తాలన్న దాని మీద రెడ్డికీ కరణానికీ మాటామాటా పెరిగింది. ఆ తగువు తేలేలోగా వాగులే కాదు, సముద్రమైనా వచ్చి పోగలదు.

కాటమ్మకు బిడ్డ గుర్తొచ్చాడు. రమ్మని పిలిస్తే గంగులమ్మ తలుపు గడియ వేసుకునే మనిషి. బిడ్డను మాత్రం తెచ్చుకుని పోతే ఊరు ఊరంతా కిందనే మిగులుతుంది. ఆమె గుడిలోకి వెళ్లి విగ్రహాన్ని నెత్తికెత్తుకుంది. చావడి ముందుకు వచ్చి, "అంకమ్మను ఎత్తుకుపోతున్నా. చేతనైతే పట్టుకోండి" అని చెప్పి మరీ పరుగెత్తింది.

మోయడానికి కుదరనివారికి తన్నడానికి ఒక్క క్షణంలో కుదిరింది. కర్రలు, పారలు, అట్లకాడలు పట్టుకుని ఊరు వెంటపడింది. ముసలివారు ఈ తన్నులు చూడకుండానే పోతారేమోనని కొడుకులు వారిని వీపున వేసుకుని వచ్చారు.

తన ఇంటి ముందు కాటమ్మకు బిడ్డ ఏడుపు వినిపించింది. కాలు తడబడింది. మట్టిపెళ్ల ఒకటి వీపున తగిలింది. ఆగకుండానే కేకవేసింది: "అత్తా, నీ కొడుకు దొంగను కట్టుకున్నాడు. నీ మనవడికీ ఇదే నేర్పుతా. చూస్తూ కూర్చో."

తలుపు తెరుచుకుందో లేదో చూడడానికి వీల్లేదు. ఏటవాలు ఎక్కుతుంటే మెడ నరాలు తెగుతున్నట్టుంది. రెడ్డి చేతికి కొంగు చిక్కి చిరిగింది. వెనుక నూరు నోళ్ల తిట్లు. అందులో ఒక్క గొంతు కోసం ఆమె చెవి వెతికింది. అది లేదు.

కొసకు చేరి మోకాళ్ల మీద కూలి, విగ్రహాన్ని నేలకు దించింది. రెడ్డి కర్ర ఎత్తాడు. అప్పుడు జనాన్ని తోసుకుంటూ గంగులమ్మ వచ్చింది, మనవడు చంకన ఉన్నాడు.

"ఓసి మా వంశానికి మచ్చ తెచ్చినదానా, నీ చేతులు..."

కింద నేల అదిరింది. అందరూ వెనక్కి తిరిగారు. రెండు వాగులూ ఒకటై ఊరి మీద పారుతున్నాయి. చావడి కప్పు తేలుతూ పోతోంది. మునిగిన ఆ ఊళ్లో ఒక్క ప్రాణీ లేదు. గంగులమ్మ బిడ్డను కోడలి ఒడిలో పెట్టింది.

అమ్మవారిని మళ్లీ ఎవరూ కదపలేదు. అక్కడే గుడి, గుడి చుట్టూ ఊరు వెలిశాయి. నేటికీ శ్రావణంలో కాటమ్మ వంశపు కోడలు ఉత్సవమూర్తిని వాగు ఒడ్డు నుంచి ఎత్తుకుని పరుగెడుతుంది. ఊరంతా తిడుతూ తరుముతుంది. ఆ రోజు అత్తలు కోడళ్లను తిట్టవచ్చు. మిగతా రోజుల్లో అనుమతి అడిగే ఆచారం లేదు. వెంట పరుగెత్తినవారి బిడ్డలకు నీటిగండం ఉండదని పెద్దల మాట.

మెట్ట మీద అందరికన్నా పెద్ద అత్త "నీ చేతులు" అని మొదలుపెట్టి, వెనక్కి తిరిగి వాగును చూసి ఆగుతుంది. ఆ తిట్టులో మిగతా సగం ఈ ఊళ్లో ఇంతవరకు ఎవరి నోటా రాలేదు.